ప్రేమలీల పాఠాలు, బొమ్మ లేకుండా

ప్రేమలీల నా భార్య. మా హైస్కూల్లోనే సోషల్ చెప్పేది. పదో తరగతి పాఠాలను వీడియోలుగా తీయడం మొదలుపెట్టి, పూర్తికాకముందే మొన్న ఆషాఢంలో చనిపోయింది. ఆ వీడియోలు లాప్‌టాప్‌లో అలాగే ఉన్నాయి. నేను తెరవలేదు.

ఒక ఆదివారం వినీల తన తల్లి మస్తానమ్మతో మా ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు పుట్టుకతో చూపు లేదు. ఈ ఏడు పదో తరగతి.

"టీచరమ్మ పాఠాలు కావాలంట సార్. పరీక్షలు దగ్గరికొచ్చేసినాయి. కొత్తాయన చెప్పేది దీనికి ఎక్కడం లేదంట," అంటూ మస్తానమ్మ బటన్ల ఫోను బల్లమీద పెట్టింది.

"అవి వీడియోలమ్మా. ఇందులో ఆడవు."

"వీడియో నాకెందుకు సార్? బొమ్మ మీరుంచుకోండి. మాట నాకియ్యండి," అంది వినీల.

"నోరు చూడండి సార్ దీనిది," అంది తల్లి.

వీడియోలోంచి మాటను వేరుచేసి ఎంపీత్రీగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్నాను. వీడియో ఆడించే పనిలేదు, ఫైలు పేరు ఎంచుకుంటే చాలు. ఆమె ముఖం చూడకుండానే పని జరిగిపోతుంది. అది నాకు నయమనిపించింది.

ఫోనులో మెమరీ కార్డు చిన్నది. మనిషి చెవి గమనించదనుకున్న శబ్దాలను తీసేసి ఫైలును కుదిస్తారట. అన్నీ పట్టాలని నేను మరీ కుదించాను. మొదటిది విని చూస్తే ఆమె గొంతు బిందెలోంచి వచ్చినట్టుంది. కుదింపు తగ్గించి మళ్లీ మార్చాను.

అయినా ఒక భయం మిగిలింది. సోషల్ అంటే పటాలు. "ఇదిగో, ఇక్కడ" అని బెత్తంతో చూపించేస్తాం. బొమ్మ తీసేస్తే ఆ పిల్లకు దక్కేదేమిటి? సగం పాఠంతో పరీక్షకు కూర్చోబెట్టడం కంటే ఇవ్వకపోవడమే మేలు. అర్థంకాని చోట్లు రాసుకుని, నా మాటలతో పూడుద్దామని కాగితం పెట్టుకుని వినడానికి కూర్చున్నాను.

"సముద్రానికి ఎదురుగా నిలబడు," అంటోంది ప్రేమలీల. "వీపు వెనక వెలికొండలు. కుడిచేతి వైపు పోతే పెన్న సముద్రంలో కలిసే చోటు. ఎడమచేతి వైపు ఒడ్డు పట్టుకుని పోతే ముందు కృష్ణ, తర్వాత గోదావరి. పళ్లెంలో నీళ్లు పోసి పడమటి అంచు కాస్త పైకెత్తు. నీళ్లు ఎటు వస్తాయి? దక్కన్ పీఠభూమి అట్లా వాలి ఉంది."

కాగితం మీద నేనేమీ రాయలేదు. పటం చూపించినప్పుడల్లా ఆమె దాన్ని మాటల్లో కట్టింది. "నిలబడండి" అనలేదు, "నిలబడు" అంది. ఆ పాఠాలు తీసిన ఏడాది వినీల ఆమె దగ్గర తొమ్మిదో తరగతిలో ఉంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా అల్లిన పాఠం నేను వినలేదు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

కార్డు ఇచ్చిన వారానికి వినీల మళ్లీ వచ్చింది.

"రుతుపవనాలు లేవు సార్."

"టీచర్ తీయలేదమ్మా."

"మీరు చెప్పండి మరి."

"నాది లెక్కలు."

"లెక్కలాయనకు గాలి తగలదా సార్?"

పుస్తకం తెరిచి, నా ఫోనులో రికార్డింగ్ పెట్టాను. "ఈశాన్య రుతుపవనాలు ఇటువైపు నుంచి..."

"ఎటువైపు నుంచి సార్?"

పటం మీద పెట్టిన వేలు తీసేశాను. పుస్తకం మూసి చెప్పాను. "సముద్రానికి ఎదురుగా నిలబడితే, నీ ఎడమ చెంపకు కొట్టే గాలి."

"మా నాయన బోటు తియ్యకుండా ఇంట్లో కూసోని అందర్నీ తిడతా ఉంటాడే, ఆ గాలా?"

"అదే."

"అట్ట చెప్పండి. పరీక్షలో నాకు రాసిపెట్టే పిల్లకి నేను చెప్పాల గదా."

ఆ రికార్డింగ్ చెరిపేసి, మొదటి నుంచి మొదలుపెట్టాను.