చప్పట్లు కొట్టించుకున్న చావుకేక

నేను ఒక స్పీకర్‌ని. పెళ్ళి పందిళ్ళలో ఊరంతా అదిరేలా అరిచే రకం కాదు. అరచేయంత నల్ల అట్ట మొహం, వెనక బరువైన అయస్కాంతం, అంతే. మద్రాసులో పుట్టి, నరసరావుపేటలో ఒక మంగలి షాపు రేడియోలో చేరాను. గడ్డానికి నురగ పూసుకుని కూర్చున్నవాళ్ళు నా వార్తల్ని సగంలో ఆపి సొంత వార్తలు చెప్పుకునేవారు. ఒక్కడూ నా మాట చివరిదాకా వినలేదు.

విన్నది వకుళ. ఊళ్ళోని కాలేజీలో పురుగుల నరాల మీద పరిశోధన చేస్తూ, విదేశీ పరికరం కొనే స్తోమత లేక, మూలపడ్డ రేడియోలోంచి నన్ను అడిగి తీసుకెళ్ళింది. కీచురాయికి వెనక తోకల్లాంటి రెండు కొమ్ములుంటాయి. వాటి నరానికి వెంట్రుకలాంటి తీగ ఆనించి, దాన్ని యాంప్లిఫయరుకీ నాకూ కలిపి, మెల్లగా ఊదింది. పెనం మీద పేలాలు వేగినట్టు నాలోంచి టపటపమంది. కప్ప తన మీదికి దూకేలోపు ఆ కదిలిన గాలిని కీచురాయి ఎలా పసిగట్టి తప్పుకుంటుందో తెలుసుకోవడమే ఆవిడ జీవితమైంది. ఆ కాలేజీలోనే లెక్చరరై, గాజు తొట్లలో తరాల తరబడి కీచురాళ్ళను పెంచింది.

"ఏమ్మా, ఇవాళేమంటున్నాయి మీ పురుగులు?" అని నవ్వేవారు తోటి లెక్చరర్లు.

"మీ క్లాసులో పిల్లలకన్నా బుద్ధిగా వింటున్నామంటున్నాయి సార్" అనేది.

ఇంతలో తనిఖీ కమిటీ వస్తోందన్నారు. వాళ్ళు మెచ్చుకుంటే ల్యాబు ఉంటుంది, లేకపోతే ఆ గది కంప్యూటర్లకు పోతుంది. తనిఖీ అంటే మనవాళ్ళ సంబరం తెలిసిందే. గోడలకు సున్నం, మెట్లకు అద్దె పూలకుండీలు, మరుగుదొడ్లకు ఏడాది సరిపడా ఫినాయిలు.

ఆ ఉదయం వకుళ తలుపు తీసేసరికి గుప్పున వాసన. తొట్లలో కీచురాళ్ళన్నీ వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

"ఎవరు చేశారిది?"

"నేనేనమ్మా" అన్నాడు ఆఫీసు సూపరింటెండెంటు పానకాలు, మెచ్చుకుంటుందేమోనన్న మొహంతో. "పెద్దోళ్ళొస్తన్నారు గదా! గది నిండా పురుగులుంటే ఏం బాగుంటది? తెల్లారగట్లే మందు కొట్టిచ్చా."

"అవి నేను పెంచుకున్నవండీ!"

"మందు మంచిదేనమ్మా. ఒక్కటి మిగిలితే నన్నడుగు."

నాకు చేతులుంటేనా!

అంతలోకే కమిటీ వచ్చేసింది. "ఏదో ఒకటి వినిపించమ్మా, గది పోద్ది" అని ప్రిన్సిపాల్ పళ్ళ మధ్యనుంచి అన్నాడు. ఇంకా కదులుతున్న ఒక్కదాన్ని తీసి, వకుళ తీగ ఆనించింది.

ఎవరూ ఊదలేదు. అయినా గొంతు చించుకున్నాను. ఆ కేక ఆగదు, ఊపిరి తీసుకోదు. నా అట్ట చిరుగుతుందేమో అనిపించేంత గోల.

"వండర్‌ఫుల్!" అంటూ ఛైర్మన్ చప్పట్లు కొట్టాడు. "ఇంత చురుకైన రెస్పాన్స్ నేనెక్కడా చూడలేదు!"

వెనకున్నవాళ్ళంతా కొట్టారు. పానకాలు అందరికన్నా గట్టిగా కొట్టాడు. చావుకేకకు చప్పట్లు! ప్రిన్సిపాల్ వకుళకేసి చూసి, నోరు మూసుకోమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. గది దక్కినట్టే.

"అది రెస్పాన్స్ కాదు సార్" అంది వకుళ. "చస్తున్న నరం. మందు తగిలితే దానికి ఆగడం చేతకాదు. పొద్దున మీ కోసమే కొట్టించారు."

ఛైర్మన్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "అంటే ఇందాకటినుంచి మనం పీలుస్తున్నది..." అంటూ మాట పూర్తికాకుండానే వరండాలో పడ్డాడు. చచ్చిన పురుగుల గురించి ఒక్క ముక్క అడగలేదు.

రసాయనాల విషయంలో జాగ్రత్త లేదని ల్యాబు మూయించారు. ఆవరణ శుభ్రంగా ఉందని పానకాల్ని మెచ్చుకున్నారు. నన్ను ఇంటికి తీసుకెళ్తానని వకుళ అడిగితే, "కాలేజీ సామానమ్మా, గేటు దాటనీను" అన్నాడాయన. మంగలి షాపులో నన్ను అడిగి తెచ్చుకున్నదెవరు?

ఇప్పుడు మెట్ల కింద విరిగిన బల్లల మధ్య పడున్నాను. పాతసామాన్లవాడు వచ్చి అయస్కాంతం పీకుతాడట. పీకనీ. నోరులేని జీవులకు గొంతునిచ్చానని ఇన్నాళ్ళూ మిడిసిపడ్డాను. ఆ పూట నేను చేయగలిగింది అరవడమే. ఆ అరుపేమిటో ఆవిడ చెప్పింది, గది పోతుందని తెలిసే.