ఏసీ కింద బకెట్

సుజన పడకగదిలో నిండిన బకెట్ ఎత్తి, పెరట్లో డ్రమ్ములో పోసి, మళ్ళీ తెచ్చి ఏసీ కిందనే పెట్టింది. మూడు ఎండాకాలాలుగా ఇదే పని. పగలు రెండుసార్లు, రాత్రి నిద్రలో లేచి రెండుసార్లు. కుళాయి మూడు రోజులకొకసారి వచ్చే వీధిలో అది లాభంగానే కనిపించింది. "ఊరికే వచ్చే నీళ్ళు, ఇల్లు తుడిచేదానికైనా పనికొస్తాయి" అని డ్రమ్ము పెట్టించింది అత్త నాగలక్ష్మమ్మ. "ఏసీ అంటే నీళ్ళు వదుల్తాది, నీకేం తెల్సు" అని తేల్చేశాడు మొగుడు మహానంది. తెలిసినవాడు చెప్పాడు కదా అని సుజన ఊరుకుంది.

ఆ పొద్దున నందికొట్కూరు నుంచి అక్క ఫోన్ చేసింది. కంటి ఆపరేషనంట, ఒక్క వారం వచ్చి తోడుండమంది. "నువ్వు పోతే బకెట్ ఎవురు ఎత్తేది? నాకు నడుము వంగదు, వానికి నిద్ర చెడితే అంగడి తెరవలేడు" అంది అత్త. సుజన అక్కకు రాలేనని చెప్పేసింది. పోయినేడు అక్క కూతురి పెండ్లిలోనూ అంతే, తలంబ్రాలు కూడా చూడకుండా సాయంత్రం బస్సుకు డోన్ తిరిగొచ్చింది.

రెండు రోజులుగా ఏసీ చల్లదనం తగ్గింది. నీళ్ళు కారితే మూడేండ్లు ఓర్చుకున్న మహానంది, చెమట పడితే రెండు రోజులు ఓర్వలేకపోయాడు. మెకానిక్ ఏసుమణిని ఇంటికి పంపి, తను అంగడికి పోయాడు.

ఏసుమణి మూత తీసి జల్లెడ లాంటి ఫిల్టర్ లాగాడు. దుమ్ము దుప్పటిలా పట్టింది. "పదైదు దినాలకొకసారి కుళాయి కింద కడిగి నీడన ఆరబెట్టుకోక్కా. దీనికి నేనెందుకు?" అన్నాడు. మిద్దెమీద ఏసీ బయటి పెట్టెకు ఆనించిన అంగడి పైపుల చుట్టలు పక్కకు జరిపించాడు. గాలాడక అది ఉడికిపోతోందట. అరగంటలో గది చల్లబడింది.

"మరి ఈ నీళ్ళు?"

"అది నీళ్ళు బయటికి పోయే పైపుక్కా. వాలు లేదు, మధ్యలో ఎగిసింది, లోపలంతా పాచి. పది నిమిషాల పని."

సుజన వాళ్ళది డ్రిప్పు పైపులు, విత్తనాలు అమ్మే అంగడి. రోజూ కాసేపు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వాలు తప్పితే నీళ్ళు యాడికి పోతాయని రైతులకు చెప్పేది తనే. తన మంచం పక్కన గోడలో ఉన్నదీ పైపే.

"మూడేండ్లుగా చూసినోళ్ళు లేరా ఏసుమణీ?"

"బిగించిన ఏడాదే అన్నకు చెప్పినా గదక్కా."

"ఏమన్న్యాడు?"

ఏసుమణి నవ్వాడు, అదేదో పరాచికమైనట్టు. "'ఇప్పుడెందుకులేప్పా, ఇంట్లో మనిషి ఉండాది గదా, ఎత్తి పోస్తాది' అన్న్యాడు."

సుజన మంచం అంచున కూర్చుండిపోయింది. అయితే మహానందికి తెలియక కాదు. ఒకవైపు పది నిమిషాల పని, ఇంకోవైపు ఆమె నిద్ర, ఆమె నడుము, అక్క కూతురి పెండ్లి. రెండూ తూచి చూసి, ఆమే చవకని తేల్చుకున్నాడు. మళ్ళీ పక్కనే పడుకుని, రాత్రిళ్ళు ఆమె లేచినప్పుడల్లా "లైటు ఆర్పు" అన్నాడు. అంగట్లో గింజల సంచి చేత్తో ఎత్తి బరువు చెప్పగలిగిన తను, ఇన్నేండ్లూ ఎత్తిన బకెట్లలో ఒక్కదాని బరువూ తెలుసుకోలేకపోయిందే!

ఏసుమణి స్టూలెక్కాడు. "పైపు సరిచేస్తానక్కా."

"వద్దు. అట్లనే ఉండనీ."

అతను ఆమె ముఖం చూసి, దిగి మూత బిగించి పోయాడు. సుజన అక్కకు ఫోన్ చేసి, సాయంత్రానికి వస్తానంది. నాలుగు చీరలు సంచిలో సర్దింది. ఖాళీ బకెట్‌ను ఏసీ కింద, సరిగ్గా చుక్క పడేచోట పెట్టి, పిడిని మహానంది పడుకునే వైపుకు తిప్పింది.

వాకిట్లో అత్త అడ్డం నిలబడింది. "ఏమే, యాడికి పోతాండావు? బకెట్ ఎవురు ఎత్తేది?"

సుజన చెప్పులు తొడుక్కుంది.

"ఇంట్లో మనిషి ఉండాడు గదత్తా. ఎత్తి పోస్తాడు."