ఇంకో మెట్టు కిందకి

తన గొంతు అసలు ఎంత ఎత్తుకు వెళ్లేది? భర్త డాయిల్ చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆపి, వెర్లీన్ తనను తానే అడిగింది.

వాళ్ల మేళం బస్సు కిటికీ అవతల, కెంటకీ సంత మైదానంలో పందుల పోటీ ముగిసింది. ట్రాక్టర్ల పోటీ మొదలయ్యేలోపు ఈ భార్యాభర్తల పాట. ఒకప్పుడు ఒక్క వేసవిపాటు వాళ్ల పాట దేశమంతటా రేడియోల్లో మోగింది. అందులో మొదటి చరణం ఆమెది. ఆ తర్వాత ఏ పాటా అంత దూరం వెళ్లలేదు. ఆ ఒక్కదాన్నే ఇన్నేళ్లుగా ఊరూరా తిప్పుతున్నారు.

మొదటిసారి శ్రుతి తగ్గించింది డాయిల్‌కు జలుబు చేసినప్పుడు. "నాకేం ఇబ్బంది లేదు" అని ఆమే అంది. జలుబు తగ్గింది గాని శ్రుతి మళ్లీ పైకి రాలేదు. ఆ కింది స్థాయిలో ఆమె మాటలు ఉత్త గాలిగా మారి, డాయిల్ గొంతు వెనక ఎక్కడో ఆగిపోయేవి. "నా కొడుకు గొంతు పక్కన నీది అందంగా ఉంటుందమ్మాయ్, పైకెక్కితేనే ఎబ్బెట్టు" అంది అత్తగారు, అదేదో మెచ్చుకోలన్నట్టు. రేడియోవాళ్లు పాట ఎలా పుట్టిందని డాయిల్‌ను అడిగేవారు; ఆయనకేం వండిపెడతావని ఆమెను అడిగేవారు. ఆమె నవ్వి మొక్కజొన్న రొట్టె గురించి చెప్పేది. ఒదిగి ఉండటం తాను ఎంచుకున్నదే అయినప్పుడు నష్టమేముందని తనతో తాను వాదించుకునేది. మొన్న కిరాణా కొట్టులో పిండి సంచి ఎత్తుతుంటే రేడియోలో ఒక పాట వినిపించింది. ఎవరీ పిల్ల, ఇంత నిర్భయంగా పాడుతోంది అనుకుంది. డాయిల్ గొంతు వచ్చి కలిసేదాకా అది తనేనని తెలియలేదు. సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పోయినవాళ్ల కోసం ఏడ్చినట్టు ఏడవాలనిపించింది. ఎవరు పోయారని అడిగితే ఏం చెప్పాలి?

డాయిల్ బస్సెక్కాడు. "బంగారం, ఇవాళ గొంతు మొరాయిస్తోంది. ఇంకో మెట్టు దించుదాం."

"దించితే నా చరణం నాకే వినబడదు, డాయిల్."

"దానికేముంది, అదీ నేనే పాడేస్తా. నువ్వు చివర్లో ఊఁ కొట్టు చాలు." చొక్కా తొడుక్కుంటూ కన్ను గీటాడు. "ఇంట్లో ఎటూ కొట్టవుగా!"

బస్సు మెట్ల మీద కూర్చున్న గిటారు వాద్యగాడు రాయిస్ పగలబడి నవ్వాడు. "వదినకిక సెలవిచ్చెయ్యన్నా!"

వెర్లీన్ కూడా నవ్వింది. ఆ నవ్వు తన ముఖం మీద ఉండగానే, దాన్ని ఎవరో బయటినుంచి అంటించినట్టు తెలిసింది.

వేదిక మీద ఎండ ఇంకా వాలలేదు. వాళ్ల మేళంలో ఏ శ్రుతో నోటితో చెప్పుకోరు. పాడేవాళ్లు వీపు వెనక వేళ్లు చూపిస్తారు. రోజూ పాడే శ్రుతికి ఎన్ని మెట్లు పైకో కిందకో ఆ వేళ్లను చూసి వాద్యగాళ్లు అందుకుంటారు. డాయిల్ జనంతో జోకులేస్తూనే ఒక వేలు కిందకి చూపాడు.

వెర్లీన్ చెయ్యి కూడా వెనక్కి వెళ్లింది. రెండు వేళ్లు, పైకి. రికార్డు చేసిననాటి శ్రుతి అది.

రాయిస్ తబ్బిబ్బయి ఇద్దరి వీపులూ చూశాడు. గొంతు నిలుస్తుందో పగులుతుందో ఆమెకు తెలియదు. గిటారు కోసం ఆగలేదు. మైకు తనవైపు తిప్పుకుని, డాయిల్ నోరు తెరిచేలోపే తన చరణం ఎత్తుకుంది.