ఫైరింజన్ నీళ్ళు

ఊరు పెరిగిందని అందరూ సంబరపడేవాళ్ళే. పనుల కోసం వచ్చిన జనంతో శివారు పొలాలన్నీ అద్దె గదులైపోయాయి, గదులన్నీ కిక్కిరిసిపోయాయి. పెరగనిదల్లా మున్సిపాలిటీ ఒక్కటే. ఉన్న నీళ్ళ ట్యాంకర్లు చాలక, ఆఫీసులో పెద్దలు బుర్రలు బద్దలు కొట్టుకుని, చివరికి ఫైరింజన్‌ని కూడా నీళ్ళ పంపకానికి తోలారు. మంటలు రోజూ రావు, దాహం రోజూ వేస్తుంది అన్నారు. నిజమే మరి, అనుకున్నాడు ఫైరింజన్ డ్రైవర్. ఒకటే షరతు: ట్యాంకులో పావు వంతు నీళ్ళు ఎప్పుడూ ఉంచాలి.

ఆ మధ్యాహ్నం అతను తన చెల్లెలుండే కొత్త కాలనీకి వెళ్ళాడు. నీళ్ళ డ్యూటీకి ఎప్పుడూ ఒక్కడే. పావు వంతు మిగలగానే పైపు చుట్టబోతుంటే చెల్లెలు ఖాళీ డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చింది.

"ఇదొక్కటి నింపెయ్ అన్నయ్యా. పిల్లలు స్నానం చేసి ఎన్నాళ్ళైందో తెలుసా?"

"రూలుంది తల్లీ."

"నీళ్ళున్నాయా, లేవా?"

తోడబుట్టినదాని మాట తోసెయ్యలేక నింపాడు. ఆమెకు పోసి పక్కింటికి లేదంటే ఊరుకుంటారా? అందరూ చుట్టూ మూగారు. వీధి చివర, ఖాళీ స్థలం అవతల విడిగా ఉన్న గదిలోని టైలర్ కూడా చేస్తున్న ఇస్త్రీ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పొట్ట చేతబట్టుకుని ఈ మధ్యే ఊళ్ళోకి వచ్చిన మనిషి. అతని గుమ్మం దాకా బండి తీసుకెళ్ళి మరీ డ్రమ్ము నింపాడు డ్రైవర్. దాంతో ట్యాంకు అడుగంటింది.

బండి ఇంకా మెయిన్ రోడ్డెక్కలేదు, స్టేషన్ నుంచి ఫోన్. టైలర్ గది తగలబడుతోందట.

 డ్రైవర్ ఖాళీ బండితో, గంట కొట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. అంత సిగ్గు అతను జన్మలో ఎరగడు. టైలరూ, భార్యా, పాపా బయటే ఉన్నారు, అదొక్కటే అదృష్టం. కుట్టుమిషను మాత్రం లోపలే ఉంది. కిటికీలోంచి మంట బయటికి వస్తోంది.

డ్రమ్ములు తెమ్మని అరుస్తూ డ్రైవర్ తలుపులు బాదాడు. ఇందాక అన్నా అన్నా అంటూ వెంటపడ్డవాళ్ళు తలుపు ఓరగా తీసి, చూసి, మళ్ళీ వేసుకున్నారు. మంట తమ దాకా రాదని వాళ్ళ ధీమా. అతను నిర్ఘాంతపోయాడు. వీళ్ళు మనుషులేనా అనిపించింది. చెల్లెలింటికి పరుగెత్తాడు. ఆమె డ్రమ్ము మూత మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు అన్నయ్యా?"

 ఆమె చెయ్యి పక్కకు నెట్టి బకెట్ ముంచాడు. ఆమె కళ్ళు తుడుచుకుని రెండో బకెట్ తనే మోసింది.

ఆ నీళ్ళు మంట మీద చుయ్‌మని ఆవిరైపోయాయి. అప్పుడు కనిపించింది, వీధి మధ్యలో టైలర్ డ్రమ్ము, నిండుగా. మొగుడూ పెళ్ళాలిద్దరూ గుమ్మంలోంచి ముందుగా ఈడ్చుకొచ్చింది దాన్నే. డ్రైవర్‌కు ప్రాణం లేచొచ్చింది. బకెట్ ముంచబోయేసరికి టైలర్ రెండు చేతులతో డ్రమ్మును వాటేసుకున్నాడు.

"కాలిపోతోంది నీ ఇల్లేనయ్యా," అన్నాడు డ్రైవర్.

"ఇల్లు ఎలాగూ పోయింది అన్నా. నీళ్ళైనా ఉండనివ్వు."