దస్తగిర్ కోసం ప్రార్థన

మా రూమ్‌లో అలారం అక్కర్లేదు, ఇస్తారన్న ఉన్నాడు. గల్ఫ్‌లో మా ఘాలా కూలీల క్యాంపులో తెల్లారకముందే కింద మంచం పక్కన మోకాళ్లేసి "ప్రభువా" అన్నాడంటే, పై మంచం మీద నేను లేవాల్సిందే. నాకు దేవుడంటే కోపం లేదు, మల్లన్నకి నేనూ మొక్కుతాను. కానీ దేవుడికి చెవుడు లేదు కదా, అంత గట్టిగా ఎందుకని నా బాధ. అడిగితే, "గట్టిగ చేస్తెనే మనసు అటిటు పోదు ఆంజీ" అంటాడు.

మనిషి మాత్రం మంచివాడు. ఎవడికి జ్వరమొచ్చినా గంజి కాస్తాడు. శుక్రవారం సెలవుకి మేమంతా బట్టలు ఉతుక్కుంటుంటే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చర్చికి పోతాడు. మా సూపర్‌వైజర్ నిజాముద్దీన్ సాబ్ ఎవరి మాటా నమ్మడు గానీ, "ఇస్తారి చెప్పిండంటే ఖతమ్" అంటాడు. అదే కొంప ముంచింది.

ఒకరోజు ఆయన ప్రార్థన సాగిసాగి బస్సు టైం దాటిపోయింది. డ్రైవర్ దస్తగిర్, కడపవాడు, "పాపం, దేవుని కాడ ఉండాడులే" అని బండి ఆపాడు. అందరం సైట్‌కి లేటయ్యాం. కాంక్రీట్ లారీ మాకోసం ఎండలో నిలబడిపోయింది, ఇంజినీర్ నిప్పులు కక్కాడు. ఎందుకు లేటని అడిగితే దస్తగిర్ ఇస్తారన్న పేరు ఎత్తలేదు, తలొంచుకున్నాడు. సాబ్ ఇస్తారన్నని పిలిచి అడిగాడు. మర్నాడు దస్తగిర్ దగ్గర బస్సు తాళం లాక్కుని గోదాములో మూటలు మోయమన్నారు. అసలే నడుం నొప్పి మనిషి. నెలాఖరుకి ఇంటికి పంపేస్తారని కూడా అన్నారు.

నేను సాబ్ దగ్గరికి పోయాను. "బండే లేట్ వచ్చిందని ఇస్తారి చెప్పిండు. నువ్వు దస్తగిర్ దోస్తువి, నీ మాటెందుకు?" అని తరిమేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇస్తారన్న ఆడిన అబద్ధం దస్తగిర్‌కి చెబుదామనుకున్నాను గానీ, ఆ మాట ఇస్తారన్న నోటితోనే రావాలని ఊరుకున్నాను.

ఆయనేమో ఉపవాసం మొదలుపెట్టాడు. ఇంకా ముందే లేచి, "నా పాపం క్షమించు ప్రభువా, నా తమ్ముడు దస్తగిర్ కష్టం తీర్చు" అని ఏడుపు. రూమంతా కరిగిపోయింది. నేను పళ్లు కొరుక్కున్నాను.

ఒక సాయంత్రం దస్తగిర్ నడుం పట్టుకుని మా రూమ్‌కి వచ్చాడు, చేతిలో ఖర్జూరం పొట్లం.

"అన్నా, నాకోసం రోజూ దువా చేస్తాండావంట గదా. ఫోన్లో మా ఇంటామె బిల్కీస్‌కు చెప్తే, అన్న చల్లంగుండాలని ఏడ్చింది. ఉపవాసం ఇడిచినాక ఇవి తినన్నా."

ఇస్తారన్న పొట్లం అందుకోలేకపోయాడు. దస్తగిరే మంచం మీద పెట్టి వెళ్లాడు. అతను అటు పోగానే నేను ఇస్తారన్న మీద విరుచుకుపడ్డాను.

"తప్పు చేసింది దస్తగిర్‌కు, మాఫీ అడిగేది దేవుణ్ణా? గోదాంల మూటలు మోస్తున్నది దేవుడా?"

"చెప్దామనే రోజు లేస్తున్న ఆంజీ. మోకాళ్ల మీదున్నంతసేపే ధైర్యం ఉంటది. లేస్తే పోతది."

"ఐతే మోకాళ్ల మీద్నే పో!"

మర్నాడు ప్రార్థన వినబడలేదు. నాకు మెలకువ రాలేదు. లేచేసరికి కింద మంచం ఖాళీ. మొహం కూడా కడుక్కోకుండా బస్సు దగ్గరికి ఉరికాను. కూలీలందరి ముందు, సాబ్ ఎదురుగా ఇస్తారన్న నిలబడి ఉన్నాడు.

"బండి లేట్ రాలే సాబ్. నాకోసం ఆగింది. నేను అబద్ధం చెప్పిన." దస్తగిర్ వైపు తిరిగి చేయి పట్టుకున్నాడు. "ప్రార్థన చేసింది నిజమే తమ్మీ. గని నీకు ఈ గోస పెట్టింది నేనే."

దస్తగిర్ చేయి లాక్కున్నాడు. "బిల్కీస్‌కు గూడా చెప్పినానే నేను" అన్నాడు, అంతే.

"నీ మాట మీద ఒకని పొట్ట కొట్టిన గదరా" అని సాబ్ తల పట్టుకున్నాడు. తాళం దస్తగిర్‌కిచ్చి, గోదాముకి ఇస్తారన్నని పంపాడు.

ప్రార్థన ఆగలేదు. గొంతు మాత్రం తగ్గింది, టైం కూడా తగ్గింది. అందరికంటే ముందొచ్చి బస్సెక్కి కూర్చుంటాడు. గోదాము మా సైట్ దారిలోనే. దస్తగిర్ మాత్రం ఆయన మొహం చూడడు. "అన్నా" అనడం మానేశాడు. ఇకమీద ఎవడి కోసమూ బండి ఆపనని కూడా అందరికీ చెప్పాడు.

మొన్న పక్క రూమ్ నర్సింగ్‌కి జ్వరం. గంజి కాచి తాగించి వచ్చేసరికి ఇస్తారన్నకి ఆలస్యమైంది. దస్తగిర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. హారన్ కొట్టాడు, అద్దంలో చూశాడు, గొణిగాడు, బండి మాత్రం కదిలించలేదు. ఇస్తారన్న రొప్పుకుంటూ వచ్చి, ఎక్కకుండా డోర్ దగ్గరే నిలబడ్డాడు.

"లేట్ నాదే అని సాబ్‌కు నేనే చెప్త."

"చెబ్దువులే" అన్నాడు దస్తగిర్, రోడ్డు వైపే చూస్తూ. "ఎక్కన్నా."