నాలుగు వందల మాటలు

చేతిరాత కథలో ఎన్ని మాటలున్నాయో తేల్చడానికి పత్రికలో సీనియర్ ఎడిటరు మిసెస్ హిల్ట్స్, కొత్తగా చేరిన ఎల్వా కోర్కమ్‌కు ఒకే ఒక్క కిటుకు చెప్పింది. "మధ్య పేజీ పట్టుకో తల్లీ. మొదటి పేజీని నమ్మావో, మునిగావే! అక్కడ అందరూ చర్చికొచ్చినట్టు బుద్ధిగా ఉంటారు. అసలు రంగు ఆరో పేజీలో బయటపడుతుంది."

హాలిఫాక్స్‌లోని ఆ పత్రికాఫీసులో ఎల్వా ఆ మాటను నాలుగేళ్లు తు.చ. తప్పకుండా పాటించింది. పాటించనిది ఒక్కసారే. ఆ ఒక్కసారీ చాలింది, ఏం చెప్పమంటారు!

కథల పోటీ గడువు ముంచుకొస్తున్న శుక్రవారం అది. బల్ల మీద కట్టలు గుట్టపడి ఉన్నాయి. టాంకూక్ దీవి నుంచి ఓర్విల్ లాంజిల్ అనే ముసలి జాలరి పంపిన పది పేజీల కథ చేతికొచ్చింది. మొదటి పేజీ నిండా చీమల బారులాంటి సన్నరాత. వరుసకు పది మాటలు, పేజీకి ముప్పై నాలుగు వరుసలు, పది పేజీలు. వెరసి మూడువేల నాలుగు వందలు. పోటీకి హద్దు మూడువేలు. ఎల్వా రెండో పేజీ తిప్పనైనా తిప్పలేదు. "నాలుగు వందల మాటలు ఎక్కువయ్యాయి, తగ్గించి పంపండి" అని చీటీ పెట్టి వెనక్కి పంపేసింది.

పన్నెండు రోజులకు కథ తిరిగొచ్చింది. అవే కాగితాలు, రెండు తక్కువ. ఈసారి ఎల్వా తీరిగ్గా తిరగేసింది. రెండో పేజీ నుంచీ అక్షరాలు వేరుశనగ గింజలంత ఉన్నాయి. వరుసకు ఆరు మాటలకు మించి లేవు. అన్నీ కలిపి పదిహేడు వందల పైచిలుకు. అంటే మొదట వచ్చినప్పుడైనా రెండువేల రెండు వందలు దాటలేదు! ఒక్క మాటా తీయనక్కర్లేని కథను ఆ మహాతల్లి కోయించింది.

మర్నాడే టాంకూక్‌కు పడవెక్కింది. ఆమె వెళ్ళేసరికి ఓర్విల్ వంటింట్లో కూర్చుని క్యాబేజీ తరిగి, ఉప్పు చల్లి, పీపాలో ఊరేస్తున్నాడు. పత్రిక నుంచి వచ్చానని చెప్పగానే ఆయన మొహం విప్పారింది.

"చీటీ రాసిన అమ్మాయివి నువ్వేనా? కూర్చో, కూర్చో. తుఫాను తీస్తే కథే లేదు. పడవ తీస్తే నేనే మునిగిపోతా. అందుకని మా ఆవిడ బెర్నీస్ పోయిన రోజు ముక్క తీసేశా. వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెడితే సరిగ్గా నాలుగొందలమ్మా! నీ లెక్క పొల్లు పోలేదు."

"ఆ రెండు కాగితాలూ ఏవండీ?"

"పొయ్యిలో వేశా. కళ్ళెదురుగా ఉంటే మళ్ళీ మళ్ళీ చదవబుద్ధవుతుంది."

ఎల్వా లేచి నిలబడింది. "తప్పు నాదండీ. మొదటి పేజీ చూసి తక్కినవన్నీ అంతే అనుకున్నా. అసలేదీ తీయక్కర్లేదు. మళ్ళీ రాయండి, బోలెడు చోటుంది."

ముసలాయన కత్తి కింద పెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"ఒకసారి రాయడానికే పదకొండేళ్ళు పట్టిందమ్మా."

"మీరు చెప్పండి, నేను రాసుకుంటా."

ఎల్వా కాగితం, పెన్సిలు తీసింది. ఆయన కిటికీలోంచి నీళ్ళకేసి చూశాడు. "ఆ రోజు సముద్రం గడ్డకట్టింది, డాక్టరు పడవ రాలేదు" అన్నాడు. ఆ తర్వాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తల అడ్డంగా ఊపి మళ్ళీ క్యాబేజీ అందుకున్నాడు.

తిరుగు పడవలో ఎల్వా ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే వేలు పెట్టి ఒక్కొక్క మాటా లెక్కపెట్టింది. ఏడు.