మిషన్లు ఆపినవాళ్లు

"గట్టిగా పట్టుకోండి, కదలనివ్వకండి" అంది నర్సు.

లారీ డ్రైవరు తన మూడేళ్ల కొడుకు రెండు చేతులూ పట్టుకున్నాడు. నర్సు పిల్లాడి పొట్టకు అంటించిన పట్టీని పెరికింది. దాంతో పాటే సన్నటి గొట్టమూ, అగ్గిపెట్టెంత మిషనూ ఊడివచ్చాయి. భుజం మీది బిళ్ల కూడా తీసేసింది. పుట్టినప్పుడు నెత్తిన ఒక్క వెంట్రుకైనా లేదని వాణ్ని అందరూ గుండు అంటారు. "నాది! నాది!" అంటూ గుండు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నర్సు ఆ మిషన్ను అట్టపెట్టెలో పడేసి తర్వాతి పిల్లను పిలిచింది.

ఆ తర్వాతి పిల్ల పిట్ట. టైలరమ్మ కూతురు.

టైలరమ్మ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. మొగుడు ఎక్కడెక్కడో కట్టడాల పనుల్లో ఉంటాడు. పిట్టకు నాలుగేళ్లు. రెండో ఏటే ఆ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. తిన్నదంతా చక్కెరై రక్తంలోనే నిలిచిపోతుంది. సూది వేస్తే దిగుతుంది, సూది కాస్త ఎక్కువైతే పాతాళానికి దిగుతుంది. పెద్దవాళ్లయితే కళ్లు తిరుగుతున్నాయని చెప్పుకుంటారు. నాలుగేళ్ల పిల్ల ఏం చెబుతుంది? ఆడుకుంటూ ఆడుకుంటూ ఓ మూల వాలిపోతుంది. నిద్రపోయిందనుకుంటాం.

మిషను వచ్చాక ఆ తల్లికి ప్రాణం లేచొచ్చింది. భుజం మీది బిళ్ల చక్కెర ఎంతుందో చెబుతుంది. దానికి తగినంత మందును మిషను తనంతట తానే ఎక్కిస్తుంది. చక్కెర పడిపోతుంటే మందు ఆపి కూత పెడుతుంది. ఇంత చిన్నపిల్లల మీద ఇది పనిచేస్తుందో లేదో చూడటానికే కంపెనీవాళ్లు ఈ ఆసుపత్రిలో ఏడాది పాటు పరీక్ష పెట్టారు. పనిచేసింది. భేషుగ్గా పనిచేసింది. అందుకే ఇప్పుడు తీసేసుకుంటున్నారు.

"పరీక్ష అయిపోయిందమ్మా" అంది డాక్టరమ్మ, ముఖం చూడకుండా. "బజార్లోకి వచ్చాక కొనుక్కోవచ్చు."

"మా పిల్లల ఒంటి మీద పని నేర్చుకుని, కొనగలిగినోళ్ల పిల్లలకి అమ్ముకుంటారా?"

"నా చేతుల్లో ఏముంది చెప్పండి? పైనుంచి ఆర్డరు."

టైలరమ్మ పిట్ట గౌను కిందికి లాగి, పిల్లను చంకనెత్తుకుంది.

"అయితే ఆ పైవాళ్లనే వచ్చి తీసుకోమనండి."

ఆమె బయటికి నడిచింది. వరుసలో ఉన్న తల్లులు ఒకరి వెనక ఒకరు లేచారు. డ్రైవరు మాత్రం అట్టపెట్టెనే చూస్తూ నిలబడ్డాడు. కొడుకు మిషను అప్పటికే అందులో పడింది.

మర్నాడు షిఫ్టు దిగాక ఫ్యాక్టరీ వెనక సైకిల్ షెడ్డులో కలుసుకున్నారు. తల్లిదండ్రులే కాదు, కుట్టు లైన్లలో పనిచేసే ఆడవాళ్లూ వచ్చారు. వాళ్లను పోగుచేసింది పెద్దక్క. ఇస్త్రీ పెట్టె పట్టుకుని పట్టుకుని చేతులు కాయలు కాసిన మనిషి. మంచిమాట చెప్పినా దెబ్బలాడుతున్నట్టే ఉంటుంది.

"మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు ఒక తండ్రి. "డాక్టర్లతో పెట్టుకుంటే రేపు సూది మందు కూడా ఇవ్వరు. రెంటికీ చెడ్డ రేవడిలా అవుతాం."

"తిరిగిచ్చేస్తామని సంతకాలు పెట్టాం కదా" అంది ఒక తల్లి.

"పెట్టాం" అంది టైలరమ్మ. "పిల్ల బతకాలంటే ఎక్కడ పెట్టమన్నా పెడతాం. అది ఒప్పుకోవడమా?"

పెద్దక్క అందుకుంది. "ఆ ఆసుపత్రి కమిటీకి పెద్ద ఎవడనుకున్నారు? మన ఓనరే. ఇక్కడ మన రెక్కలూ వాడికే, అక్కడ మన పిల్లలూ వాడికే. ఇవ్వకండి. అందరూ ఒక్కచోట కూచోండి. ఒక్కదాని దగ్గరైతే లాక్కుంటారు, గుంపునేం చేస్తారు?"

డ్రైవరు ముందుకు జరిగాడు. "మావాడిది తిరిగిప్పిస్తారా అక్కా?"

పెద్దక్కంతటి మనిషీ తడబడింది. "అడుగుదాం తమ్ముడూ. అడుగుదాం."

మర్నాడు తల్లిదండ్రులంతా పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి హాల్లో బైఠాయించారు. "మిషన్లు ఇవ్వం! గుండు మిషను తిరిగివ్వాలి!" కాపలావాళ్లు వచ్చి అరిచారు గానీ, పిల్లలున్న గుంపు మీద చెయ్యి వేయలేకపోయారు. తన గొంతు ఇంత పెద్దదని టైలరమ్మకు ఆ రోజే తెలిసింది. కాసేపు గెలిచేశామనే అనిపించింది.

కంపెనీ మనిషి వచ్చాడు. నలగని చొక్కా, మెత్తటి మాట. "ఇవ్వరా? సరే, ఉంచుకోండి" అన్నాడు. పక్కకెళ్లి ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు.

ముందు పిట్ట మిషను కీచుమంది. తర్వాత పక్క పిల్లది. ఆ తర్వాత హాలంతా కీచుకీచులు. ఒక్కొక్కటే ఆగిపోయింది. చిన్న చిన్న తెరల మీద వెలుగు ఆరిపోయింది. ఎక్కడో దూరాన ఆఫీసులో కూర్చుని వాటిని ఆపేయవచ్చని ఆ తల్లులకు ఎవరూ చెప్పలేదు.

పోలీసుల అవసరమే లేకపోయింది. ఎవరి చెయ్యీ విరవలేదు, ఎవరి కొంగూ లాగలేదు. టైలరమ్మ బటన్లు నొక్కింది, ఊపింది, చెవి దగ్గర పెట్టుకుంది. కూతురి పొట్టకు ఒక ప్లాస్టిక్ ముక్క వేలాడుతోంది, అంతే.

"డాక్టరమ్మా!" అని అరిచింది.

డాక్టరమ్మ గోడకు చేరగిలబడి ఉంది. "ఇలా చేస్తారని నాకు తెలీదమ్మా" అంది. నిజంగానే తెలియదేమో. తెలిసినా ఏం చేసేది?

చేసేదేమీ లేక తల్లులు సంచుల్లోంచి సూదులు తీశారు. పిల్లలు సూదుల్ని మరిచిపోయి ఏడాదైంది. ఆ ఏడుపులు వినలేక కాపలావాడొకడు బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే గుండు పోయాడు. సూది ఎక్కువైందో, పిల్లాడు సరిగా తినలేదో, నిద్రలోనే చక్కెర పడిపోయింది. కూత పెట్టడానికి ఒంటి మీద ఏమీ లేదు. తెల్లారి లేపితే లేవలేదు.

టైలరమ్మ వెళ్లేసరికి డ్రైవరు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"లారీ ఎక్కడం మానేశాను చెల్లెమ్మా. పక్కనే పడుకున్నా. చెమట పడితే తెలుస్తుందని వాడి పొట్ట మీద చెయ్యేసుకుని పడుకున్నా. పాడు నిద్ర, పట్టేసింది. ఒక్క కూత వినబడుంటే లేచేవాణ్ని."

టైలరమ్మ అతని పక్కనే గుమ్మంలో కూర్చుంది. రేపు నా పిట్ట అనే భయం తప్ప లోపల ఇంకేమీ లేదు. అందుకు సిగ్గుపడింది కూడా.

పిల్లను ఒంటరిగా వదల్లేక, చంకనేసుకునే ఫ్యాక్టరీకి వెళ్లింది. కుట్టు మిషను ముందు కూర్చుంది గానీ కాలు పెడలు మీద ఆడలేదు.

"ఏమైందే?" అంది పెద్దక్క.

"గుండు పోయాడక్కా."

పెద్దక్క ఇస్త్రీ పెట్టె కింద పెట్టి ప్లగ్గు పీకింది. కాలర్ల లైను ఆగింది. గుండీల లైను ఆగింది. హాలు మొత్తం నిశ్శబ్దమైపోయింది.

"ఎవరాపమన్నారు?" అని సూపర్వైజరు ఉరికొచ్చాడు.

"మా పిల్లల మిషన్లు ఆపినోళ్లని అడిగావా ఈ మాట?" అంది టైలరమ్మ.

ఈ మిషన్లు ఆపితే ఆ మిషన్లు కదులుతాయని ఎవరికీ నమ్మకం లేదు. అయినా ఎవరూ తిరిగి కూర్చోలేదు. ఆడవాళ్లందరూ గేటు దాటి ఆసుపత్రి దారి పట్టారు. ఇంటి దగ్గర్నుంచి డ్రైవరూ వచ్చి కలిశాడు. ఆసుపత్రి ముందు లాఠీలతో పోలీసులు అడ్డంగా నిలబడి ఉన్నారు.

వాళ్లకేసి నడుస్తుండగా పిట్ట తల తల్లి భుజం మీద వాలింది. మెడ తడితడిగా తగిలింది. ఎండా? నిద్రా? ఇంకేమన్నానా?

"ఆగండి!" అంది టైలరమ్మ.

ఊరేగింపు మొత్తం నడిరోడ్డు మీద నిలిచిపోయింది. ఆమె సంచిలోంచి చక్కెర చూసే మీటరు తీసి, పిల్ల వేలు గుచ్చి చూసింది. చక్కెర అట్టడుగున ఉంది. ఎవరో పంచదార పొట్లం అందించారు. డ్రైవరు రోడ్డు మీద కూలబడి, పిల్ల తలను ఒళ్లో పెట్టుకున్నాడు. చిటికెడు చిటికెడు తీసి చిగుళ్లకు రుద్దుతున్నాడు.

"చెదిరిపోండి! ఆఖరిసారి చెబుతున్నాం!" అని అటునుంచి పోలీసుల మైకు అరుస్తోంది. ఒక్కరూ కదల్లేదు. పిల్లకూ లాఠీలకూ మధ్య పెద్దక్క వెళ్లి నిలబడింది. ఆమె పక్కన ఇంకొకామె. ఆ పక్కన ఇంకొకామె.

పిట్ట పెదాలు చప్పరించింది. కళ్లు సగం తెరిచింది.

"లేచింది" అన్నాడు డ్రైవరు. ముఖం తుడుచుకోకుండానే పిల్లను తల్లి చేతికిచ్చి, గుంపులోకి చూశాడు. "పదండి."

లాఠీలు పైకి లేచాయి. వాళ్లు నడిచారు.